ఇంట్లో మాట్లాడే భాష

"ఇంకోసారి చదువు బావా," అంది సుహాసిని.

"మూడుసార్లు చదివాను."

"నాలుగోసారి చదివితే ఏమైనా మారుతుందేమో."

ఏమీ మారలేదు. గరివిడి ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆ గురువారం సాయంత్రం, చల్లారిపోయిన టీ గ్లాసుల ముందు కూర్చుని, ఆమె భర్త పృథ్వీరాజ్ ఫోనులోని ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి తెలుగు చేసి చెప్పాడు. ఒమన్‌లోని ఆ బ్రిటిష్ సిలబస్ స్కూలువాళ్ళు చాలా మర్యాదగా రాశారు. ఎనిమిదేళ్ళ విశాలికి సీటు ఇస్తున్నందుకు సంతోషంగా ఉందన్నారు. ఐదేళ్ళ చినబాబు విషయంలో మాత్రం ఒక చిన్న అభ్యర్థన అన్నారు. వీడియోలో ఇరవై నిమిషాలు మాట్లాడించినా బాబు ఒక్క మాటకీ జవాబివ్వలేదట. మాటల ఎదుగుదలలో లోపం ఏమైనా ఉందేమో డాక్టరుకి చూపించి ఆ నివేదిక పంపిస్తే, అప్పుడు ఆలోచిస్తామన్నారు.

ఎంత మర్యాదగా చెప్పినా తల్లికి అది తన పిల్లాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టేసినట్టు ఉంటుంది. సుహాసినికి అలాగే ఉంది.

ఆ లోపమున్న పిల్లాడు సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలో కూర్చుని, నాయనమ్మ అసిరమ్మకి ఊపిరి తిప్పుకోకుండా కథ చెబుతున్నాడు.

"అప్పుడేటయిందంటే నానమ్మా, నౌపడలో ఉప్పుకొండలు నేవా, తెల్లగా? అవి సీకటి పడితే లేసి, మెల్లగా నడుసుకుంటా సముద్రం కాడికి ఎల్లిపోతాయి."

"ఎందుకెల్తాయిరా?"

"ఆటి అమ్మ అక్కడే ఉన్నాది కదా. ఉప్పుకి అమ్మ సముద్రమే కదా. పక్కన తొంగుంటాయి. మళ్ళా తెల్లారకముందే వచ్చి కూకుంటాయి. మనుసులకి తెలీదు."

"మరి నీకెలాగ తెలిసినాదిరా గుంటడా?"

"నాను రైలు కిటికీలోంచి సూసినాను. ఒక కొండ ఆలీసంగా వస్తన్నాది."

అసిరమ్మ నవ్వు లోపలికి వినిపించింది. బయట పడీపడనట్టు తుంపర. ఫ్యాక్టరీలో ఫర్నేసు తెరిచినప్పుడల్లా మబ్బుల అడుగున నారింజరంగు వెలుగు పాకి, మళ్ళీ ఆరిపోతోంది. ఆ వెలుగులో వంటింటి గోడ కూడా ఏదో కొత్త ఊళ్ళోని గోడలా కనిపించింది సుహాసినికి. ఇంకో నెలన్నరలో ఈ గోడ ఉండదు. ఒమన్‌లో ఇలాంటి ఫర్నేసు దగ్గరే పృథ్వీరాజ్‌కి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం. వీసాలు వచ్చాయి. ఆమె లాంగ్ లీవు మంజూరైంది. ఒక్క ఈ పిల్లల బడి దగ్గరే బండి ఆగింది.

"వీడికా మాటలు రానిది?" అంది పెరటివైపు చూస్తూ.

పృథ్వీరాజ్ ఫోను బల్ల మీద బోర్లించాడు.

సుహాసిని చీపురుపల్లి దగ్గర సర్కారు బడిలో పన్నెండేళ్ళుగా రెండో తరగతికి పాఠాలు చెబుతోంది. మొదటి నెలంతా బిగుసుకుపోయి కూర్చుని, రెండో నెలలో టీచరు చెవులు చిల్లులు పడేలా వాగే పిల్లలు ఆమెకు కొత్త కాదు. అందుకే ఆ ఉత్తరంలో ఏదో లెక్క తప్పిందని తోచింది.

"అసలు వీణ్ణి తిన్నగా ఇంగ్లీషులో ఎందుకు మాట్లాడించారు బావా? ఇంగ్లీషు రాని పిల్లలకి మొదటి ఏడాది వేరే టీచరు ఉంటుందని, మొదట ఇంటిభాషలోనే పలకరిస్తారని, నువ్వే కదా చదివి వినిపించావు?"

"ఏమో. మర్చిపోయి ఉంటారు."

"ఫారం చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

సంతకం పెట్టమన్నచోట పెట్టింది కానీ, ఆ ఫారం ఆమె చదవలేదు. పిల్లలకి యూనిట్ పరీక్షలు, పేపర్లు దిద్దే హడావిడి. ఇప్పుడు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఒక్కో గడీ చదువుకుంటూ కిందికి వచ్చింది. 'ఇంట్లో మాట్లాడే భాష' అన్న దానికి ఎదురుగా 'ఇంగ్లీషు' అని ఉంది. 'ఇతర భాషలు' అన్న చోట 'హిందీ, కొద్దిగా.'

ఆమె పైకీ కిందికీ మళ్ళీ ఒకసారి వెతికింది.

"తెలుగేది బావా?"

అతను టీ గ్లాసులు ఒకచోటికి జరిపాడు.

"ఈ ఇంట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు? మీ అమ్మా?"

పృథ్వీరాజ్‌ని ఒక్కణ్ణే అని లాభం లేదు. మన వైపు స్కూలు ఫారం ముందు కూర్చున్న ఏ తండ్రికైనా ఆ గడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి కాస్త తడబడుతుంది. తెలుగు అని రాస్తే తన పిల్లాడు ఓ మెట్టు కిందనుంచి మొదలుపెడతాడని బెంగ. అతను ఆ బెంగతోటే రాశాడు. రాసేటప్పుడు అది అబద్ధమని కూడా అనుకోలేదు. రేపటికి నిజం అయిపోయేదాన్ని ఇవాళ రాసుకుంటే తప్పేముంది అనుకున్నాడు.

"తెలుగు అని రాస్తే వేరే గదిలో కూర్చోబెడతారు సుహా. తక్కువ పిల్లల్లో కలిపేస్తారు."

"తక్కువని ఎవరన్నారు?"

"ఒకరు అనక్కర్లేదు. నాకు తెలుసు." అతని గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "హైదరాబాదులో ఇంజనీరింగ్ మొదటిరోజు. లెక్చరర్ ఏదో అడిగాడు. నేను లేచి 'ఏటండి?' అన్నాను. క్లాసు క్లాసంతా నవ్వింది. నాలుగేళ్ళూ నా పేరు అదే. మెస్సులో అదే, లాబ్‌లో అదే. ఆ రోజునుంచి ప్రతి మాటా నోట్లో ఒకసారి కడుక్కుని బయటపెడుతున్నాను. అది నీకేం తెలుసు? నా కొడుక్కి ఆ మాట అంటకూడదనుకున్నాను. అంతే."

పెరట్లో కథ ఆగిపోయింది.

అసిరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సగం దూసిన మునగరెమ్మ. శ్రీకూర్మం దగ్గర వాళ్ళ ఊళ్ళో రెండెకరాలు దగ్గరుండి సాగు చేయించుకునే మనిషి. కొడుకూ కోడలూ డ్యూటీలకి వెళితే పిల్లవాణ్ణి చూసుకోవడానికని వారంలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉంటుంది.

"అంటడానికి అదేటి గజ్జిరా?" అంది.

"అమ్మా, నీ గురించి కాదు."

"నా గురించి కాకపోతే ఎవుల గురించి? ఆడికి మాటలు నేర్పినది నాను. నా నోట్లో మాట ఆడి నోట్లోకి వస్తాది. మరి నీ నోట్లోకి ఎవులిది వచ్చినాది?"

అసిరమ్మ కోపంగా లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది సుహాసినికి. ఆవిడ మళ్ళీ మెట్టు మీద కూర్చుని మునగాకు దూసుకోసాగింది.

"రెండు నెలలనుంచి ఫ్రిజ్ మీద ఆ చార్టు అతికించి పెట్టావు," అంది సుహాసిని గొంతు తగ్గించి. "ఇంట్లో పిల్లల నోట తెలుగు మాట వినిపిస్తే ఒక నక్షత్రం కొట్టేశావు. తెలుగు మాట్లాడితే సీటు రాదని రోజూ చెప్పావు. అత్తకి ఇంగ్లీషు రాదని పెరటి గుమ్మం ఒక్కటే వదిలేశావు. పిల్లాడు అక్కడే బతుకుతున్నాడు. ఇంట్లోకి వస్తే మూగే. ఆ స్కూలావిడ స్క్రీన్‌లోంచి అడిగితే ఏ మాట చెబితే తప్పవుతుందోనని నోరు కట్టేసుకున్నాడు. దానికి డాక్టరా? నేనూ చూస్తూ ఊరుకున్నాను. అందుకే నామీద నాకే అసహ్యంగా ఉంది."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"అక్కడే ఇండియన్ స్కూల్లో ఇద్దరికీ సీట్లున్నాయి. సోమవారంలోగా చెప్పమన్నారు. అందులో వేసేద్దాం."

"ఇంత దూరం వెళ్ళి మళ్ళీ ఆ బడేనా? విశాలికి వచ్చిన సీటు వదిలేస్తామా?"

"అయితే నిజం రాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నేను అబద్ధం రాశాను అని."

"అబద్ధమని రాస్తే ఉన్న సీటు కూడా తీసేస్తారు. విశాలిదీ పోతుంది."

"నా సీటు పోతుందా?"

గది తలుపు దగ్గర విశాలి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

*

శుక్రవారమంతా వాన. పడి వెలిసే వాన కాదు. ఊరంతటినీ పల్చటి గుడ్డలో చుట్టి ఉయ్యాల్లో వేసినట్టు, ఆగకుండా, చప్పుడు లేకుండా.

సుహాసిని బడినుంచి వచ్చేసరికి నాలుగైంది. గేటు తీస్తుండగానే ఏదో తక్కువగా అనిపించింది. రోజూ ఆ వేళకి పెరటివైపునుంచి కాకుల గురించో, కప్పల గురించో, రాజుగారి పెళ్ళి గురించో ఒక గొంతు వినిపించేది. ఇవాళ చూరు నీళ్ళు బకెట్లో పడే చప్పుడే ఉంది.

"ఒసే సుహా, ఇలగ రా," అని పిలిచింది అసిరమ్మ. "పొద్దున్నుంచి గుంటడు నోరు విప్పనేదు. అన్నం తింతావా అంటే తలూపినాడు. కథ సెప్పరా అంటే సాలంట, సెయ్యూపినాడు. ఒళ్ళు సూసినాను, ఎచ్చగా నేదు."

చినబాబు మెట్టు మీద కూర్చుని చూరు నీళ్ళకింద కాలు పెట్టి తీస్తున్నాడు. సుహాసిని వాడి పక్కన చేరింది.

"ఉప్పుకొండలు ఇవాళ వానలో ఎలా వెళతాయిరా, కరిగిపోవూ?"

వాడు ఆమెవైపు చూశాడు. కళ్ళలో జవాబు ఉంది. చెప్పాలని పెదవులు కూడా కదిలాయి. అంతలో లోపలి గదివైపు ఒకసారి చూసి, మెల్లగా వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. తల్లికే జాగ్రత్త చెబుతున్నట్టు.

ఆమె వాణ్ణి ఎత్తుకుని లోపలికి తెచ్చి పక్కలో పడుకోబెట్టుకుంది. చూరు నీళ్ళ చప్పుడుకి ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు. కలలో తెల్లటి నేల. అది నౌపడో, ఒమనో. కాళ్ళకింద ఉన్నది ఉప్పో, ఇసకో. ముందు చినబాబు నడుస్తున్నాడు, వెనక్కి తిరక్కుండా. పిలవాలి. పిలుద్దామని నోరు తెరిస్తే, ఆ పేరు ఆమె నోట్లో లేదు. ఎక్కడ పెట్టానా అని కొంగుముడి వెతుక్కుంటోంది, సంచీ వెతుక్కుంటోంది. పిల్లాడు ఇంకా దూరం వెళ్ళాడు. ఎండ చల్లగా ఉంది. ఎక్కడా అరుపు లేదు, ఏడుపు లేదు. అంత హాయిగా ఉన్నచోట అంత భయమెందుకు వేస్తోందో ఆమెకి అర్థం కాలేదు.

గూడ్సు బండి కూతకి మెలకువ వచ్చింది. పక్కనే చినబాబు నిద్రపోతున్నాడు. నిద్రలో కూడా మూతి బిగించే ఉంది.

విశాలి బల్ల దగ్గర బొమ్మ వేసుకుంటోంది.

"తమ్ముడికి ఏం చెప్పావే?" అనడిగింది సుహాసిని.

విశాలి బొమ్మ మీదనుంచి తల ఎత్తలేదు. "నిజమే చెప్పాను."

"ఏం నిజం?"

"నానమ్మ దగ్గర తెలుగు మాట్లాడేశాడు, అందుకే వాడికి సీటివ్వలేదు అని. నాన్న ముందే చెప్పాడు కదా, తెలుగు మాట్లాడితే రాదని. వాడు వినలేదు." అంతవరకూ పెద్దదానిలా మాట్లాడిన పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. "నేనొక్కదాన్నే ఆ స్కూలుకి వెళ్ళను అమ్మా. అక్కడ నాకెవరూ తెలీదు. వాడు రావాలి."

సుహాసిని కూతుర్ని దగ్గరకు తీసుకుంది. తిడదామని వచ్చిన మనిషికి తిట్టడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మొగుడొక్కడే మిగిలాడు. అతను సెకండ్ షిఫ్టులో ఉన్నాడు.

*

శనివారం మధ్యాహ్నం పృథ్వీరాజ్ కొడుకుతో గంటసేపు కూర్చున్నాడు. కారు బొమ్మలు పేర్చాడు, గుర్రమై మోశాడు, చక్కిలిగింతలు పెట్టాడు. చినబాబు నవ్వాడు, కానీ చప్పుడు రానివ్వకుండా నవ్వాడు. తర్వాత పృథ్వీరాజ్ లేచి వచ్చి ఫ్రిజ్ మీది చార్టు పీకేశాడు. జిగురు అంటుకుపోయి మూల ఒకటి చిరిగి అక్కడే ఉండిపోయింది.

"రాస్తాను," అన్నాడు సుహాసినితో.

ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆమె చెబుతోంది, అతను రాస్తున్నాడు. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బాబుకి తెలుగు బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. అంతవరకూ వచ్చాక అతని వేళ్ళు ఆగాయి.

"తర్వాత?" అంది సుహాసిని. "ఫారంలో నేను కావాలనే ఇంగ్లీషు అని రాశాను. నా తప్పుకి పిల్లాణ్ణి శిక్షించకండి. అది రాయి."

అతను రాశాడు. రాసినది ఆమె తొంగి చూసింది. ఆ గడి పొరపాటున అలా నిండిందని ఉంది.

"పొరపాటున కాదు కదా బావా."

"వాళ్ళకి రెండూ ఒకటే. అనవసరంగా విశాలి సీటు మీదికి ఎందుకు తెచ్చుకోవడం?"

"వాళ్ళకి ఒకటే కావచ్చు."

అతను బటన్ నొక్కాడు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు తిరిగారు, ఉప్పు అందించుకున్నారు, తువ్వాలు అందించుకున్నారు, మాట మాత్రం అందించుకోలేదు.

జవాబు ఆదివారం పదకొండింటికల్లా వచ్చింది. ఆ దేశంలో శుక్ర శనివారాలు సెలవు, ఆదివారం బడి. చెప్పినందుకు సంతోషం అన్నారు. తమ దగ్గర ఒక తెలుగు టీచరు ఉన్నారని, మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆవిడే బాబుతో మాట్లాడతారని, బాబు హాయిగా నాలుగు మాటలు చెబితే డాక్టరు నివేదికతో పనిలేదని రాశారు.

నాలుగు మాటలు. నిన్నగాక మొన్నటిదాకా నాలుగొందలు చెప్పే పిల్లాడు.

*

పన్నెండున్నరకి లాప్‌టాప్ తెర వెలిగింది. చినబాబుకి కొత్త చొక్కా వేశారు, తల దువ్వారు. పక్కనే, తెరకి కనిపించకుండా, పృథ్వీరాజ్. బల్లకి అవతల సుహాసిని, అసిరమ్మ. అమ్మ కొంగు పట్టుకుని విశాలి.

తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న నడివయసావిడ నవ్వుతూ కనిపించింది.

"నా పేరు శ్రీలలిత అండి. మాది విజయనగరమే, కోట దగ్గర. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది." తర్వాత చినబాబువైపు వంగింది. "ఏరా చినబాబూ! పొద్దున్న ఏటి తిన్నావురా?"

చినబాబు కళ్ళు పెద్దవయ్యాయి. పెరటి గుమ్మంలో వినపడే మాట ఆ తెరలోంచి ఎలా వచ్చిందో వాడికి అంతుపట్టలేదు. వంగి తెర వెనకాల చూశాడు, అక్కడ నానమ్మే ఉంది. మళ్ళీ ముందుకి వచ్చాడు. పెదవులు విడివడ్డాయి. అంతలో గుర్తొచ్చినట్టు తండ్రివైపు చూసి, రెండు చేతులతోనూ నోరు మూసేసుకున్నాడు.

"ఇడ్లీ తిన్నావా? ఉప్మా తిన్నావా?" ఆవిడ తొందరపడలేదు. "నాకైతే ఈవేళ ఏటీ దొరకలేదు. రొట్టెముక్క తిని వచ్చేసినాను."

చినబాబు చేతులు తియ్యలేదు. రెండు నిమిషాలు గడిచాయి. ఆవిడ పక్కనున్న కాగితం మీద ఏదో రాసుకుంది.

"టెల్ హర్, నాన్నా," అన్నాడు పృథ్వీరాజ్ నెమ్మదిగా.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇట్స్ ఓకే, టెల్ హర్."

వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తండ్రి తనని పరీక్ష పెడుతున్నాడని, ఇప్పుడు నోరు తెరిస్తే ఉన్నది కూడా పోతుందని వాడి భయం. ఆ భయం ఎవరు పెట్టిందో పృథ్వీరాజ్‌కి తెలుసు. కొడుకువైపు వంగి, పద్దెనిమిదేళ్ళుగా కడిగి కడిగి దాచిన నోటితో అన్నాడు:

"సెప్పరా నాయినా. ఏటి తిన్నావో సెప్పు. ఏటీ అవదురా. నానున్నాను కదా."

అసిరమ్మ చప్పున తల ఎత్తి కొడుకువైపు చూసింది.

చినబాబు చేతులు జారిపోయాయి.

"నాన్నా! నువ్వు తెలుగు మాటాడేసినావు." వాడి గొంతు మూడు రోజుల తర్వాత బయటికొచ్చి కీచుగా పలికింది. "ఇంక నీకూ సీటు రాదు. మరి అక్క ఒక్కర్తే ఎలగెల్తాది?"

తెర మీద ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"తెలుగు మాట్లాడితే సీటు రాదని నీకెవరు సెప్పినారురా?" అనడిగింది మెల్లగా.

చినబాబు తండ్రివైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పృథ్వీరాజ్ ముఖంలో వాడికి ఏం కనిపించిందో గానీ, తప్పు చేసిన స్నేహితుణ్ణి టీచరుకి పట్టించకూడదనుకునే పిల్లాడిలా గబుక్కున కళ్ళు తుడుచుకున్నాడు. నేర్పినట్టుగా నిటారుగా కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఎవులూ సెప్పనేదు మేడమ్," అన్నాడు. "మా ఇంట్లో అందరం ఇంగిలీసే మాటాడతాం."

ఎవరికైనా నవ్వు రావలసిన మాట. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

శ్రీలలిత కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ముందున్న కాగితాన్ని ఒకసారి చూసింది.

"పృథ్వీరాజ్ గారూ, మీరు కనిపించకపోయినా అక్కడే ఉన్నారని తెలుసు. బాబుకి మాటలు వచ్చు. ఆ సంగతి నేను రాసేస్తాను, డాక్టరక్కర్లేదు. కానీ ఫారంలో ఆ గడి పొరపాటున నిండిందని మీరు నిన్న రాశారు. బాబు ఎదురుగానే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. అది పొరపాటేనా?"

పృథ్వీరాజ్ నోరు తెరిచాడు. విశాలి ఊపిరి బిగపట్టి చూస్తోంది.

చినబాబు మెల్లగా తండ్రి మోకాలు మీద చెయ్యి వేశాడు. తెరలో ఆవిడకి కనబడదనుకుని అతనివైపు తిరిగి, అవునని చెప్పెయ్యమని తల ఊపాడు.